బెల్టు దగ్గర ఇరవై ఏడో మనిషి

2024 డిసెంబర్ 11, బుధవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. నా లెక్క మొదటిసారి తప్పింది అప్పుడు. హాజరు పుస్తకంలో ఇరవై ఆరు మంది ఉన్నరు. బెల్టు దగ్గర ఇరవై ఏడు మంది నిలబడ్డరు.

నాకు అరవై ఆరేండ్లు. ఈ వయసు దాకా తాయత్తు కట్టుకోలేదు, ఎవరికీ దిష్టి తీయలేదు, అమావాస్య అని ప్రయాణం ఆపుకోలేదు. మా వాడలో ఒక పిల్లకు గాలి సోకిందని అందరూ అంటే, ముందు రక్తపరీక్ష చేయించమని తిట్టి దవాఖానకు తోలిన. మలేరియా అని తేలింది. కాబట్టి ఇది చదివి నాకు చాదస్తం అనుకునేవాళ్లు అనుకోండి, ఒప్పుకుంటా. దయ్యాలను నమ్మే ముసలిది అని మాత్రం అనుకోవద్దు.

ఆదిలాబాద్ దిక్కు ఒక జిన్నింగు మిల్లులో పందొమ్మిది సీజన్లు హాజరు రాసిన. అక్కడ అందరూ నన్ను హాజరవ్వ అనేవాళ్లు. మిల్లు పేరు రాయను, కేసు నడుస్తున్నది. దయ్యం ముచ్చట కోసమే ఇది చదువుతున్నవాళ్లు జర ఓపిక పట్టాలి. ముందు బెల్టు గురించి, తాడు గురించి చెప్పాలి. అవి తెలియకపోతే మిగతాది తెలియదు.

రైతులు తెచ్చిన పత్తిని ఆ బెల్టు మీద పోస్తరు. రెండు పక్కల ఆడవాళ్లు నిలబడి కాయ తొక్కలు, పుచ్చు పత్తి, సంచుల దారాలు ఏరి పారేస్తరు. మిగిలిన పత్తి, గింజ వేరుచేసే జిన్ను మిషన్లకు పోతుంది. బెల్టు పొడుగు అరవై రెండు అడుగులు. వెనుక కొనకు దాన్ని తిప్పే రోలరు ఉంటుంది, రోలరు కింద నడుము లోతు గుంత. పొద్దంతా దూది రాలి ఆ గుంతలో పడుతుంది, రోలరుకు చుట్టుకుంటుంది. దాన్ని ఎవరో ఒకరు దిగి తీయాలి.

అందరూ చీర మీద మగవాళ్ల అంగి తొడుక్కుంటరు. తలకూ మూతికీ తువ్వాల చుట్టుకుంటరు. చాలా మంది భర్తలు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నరు. వాళ్లు ఇంట్లో విడిచిపోయిన అంగీలే వీళ్ల ఒంటి మీద ఉంటయి. చేతులు పొడుగు, భుజాలు జారుతుంటయి. గుండీలు పెట్టుకోమని, చేతులు మడిచి కుట్టుకోమని ప్రతి సీజన్ మొదట్ల చెప్పేదాన్ని. "కుడితె ఆయన వచ్చినంక ఏం తొడుగుతడు అవ్వా?" అనేవాళ్లు. రెండేండ్లకు ఒకసారి వచ్చే మనిషి కోసం అంగి చేతులు కుట్టకుండా దాచేవాళ్లు.

పని మొదలైన ఐదు నిమిషాలకే దూది పడి అందరూ ఒకే తెలుపు అయిపోతరు. కండ్లు తప్ప ఏమీ కనబడదు. మొకాలు గుర్తుపట్టలేను కాబట్టి నేను తలలు లెక్కపెట్టేదాన్ని.

ఆ లెక్క ఉత్తగ మొదలుపెట్టలేదు. నాలుగు సీజన్ల కింద చాయ్ టైములో ఒక ఆమె బెల్టు కింద నీడకు పోయి పండుకున్నది. ఎవరూ చూడలేదు, బెల్టు నడిపించిన్రు. కొంగు పోయింది, మనిషి దక్కింది. అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టిన. చాయ్ పది గంటలకు. పదీ ఇరవైకి అందరూ బెల్టుకు రెండు పక్కల వచ్చి నిలబడాలి. నేను ముందు కొనకు ఉన్న మెట్టు ఎక్కి లెక్కపెట్టాలి. పుస్తకంతో సరిపోతే చెయ్యి పైకి ఎత్తుతా. అది చూసి ఫిట్టర్ గణపత్ స్విచ్చు నొక్కుతడు. నా చెయ్యి లేవకపోతే బెల్టు కదలదు. నాలుగు సీజన్లు ఇది ఒక్కనాడు తప్పలేదు.

తాడు సంగతి వేరు. బెల్టు వెంట రెండు పక్కలా నడుము ఎత్తున ఒక ఎర్ర తాడు ఉండేది. ఎక్కడ పట్టి గుంజినా బెల్టు ఆగిపోతుంది. ఎవరి కొంగో చెయ్యో పట్టుకుంటే పక్కామె గుంజడానికి పెట్టింది అది. మనవాళ్లు ఏం చేసిన్రంటే, దాన్ని దండెం చేసిన్రు. సద్ది మూటలు, తడి తువ్వాలలు, చంటిపిల్లలున్నవాళ్ల సంచులు అన్నీ దాని మీదనే. బరువుకు తాడు వంగి బెల్టు ఆగేది. నవంబర్ 18 నుంచి 23 దాకా ఆరు రోజులలో పదమూడుసార్లు ఆగింది. ఏ పూట ఎంతసేపు ఆగిందో నేను రాసిపెట్టిన. మొత్తం తొంభై ఏడు నిమిషాలు. కింద, "మూటలు పెట్టుకోవడానికి గోడకు మేకులు కొట్టించాలి" అని కూడా రాసి సేటుకు ఇచ్చిన.

సేటు తొంభై ఏడు అన్న అంకె చదివిండు. మేకుల సంగతి చదవలేదు. 25వ తారీకు సోమవారం నేను పోయేసరికి తాడు రెండు కొనలూ ఇనుప తీగతో స్తంభాలకు బిగించి ఉన్నయి. ఇక ఎన్ని మూటలు వేలాడదీసినా బెల్టు ఆగలేదు. ఆడవాళ్లకు సంతోషం, సేటుకు సంతోషం. కట్టేయమని నేను రాయలేదు. కానీ కట్టేసినాక విప్పమని కూడా రాయలేదు. ఇది నేను దాచను.

స్విచ్చుల పెట్టెకు ఒక తాళం ఉండాలి. గుంతలో దిగేవాళ్లు ఆ తాళం వేసి, తాళంచెవి తమ దగ్గర పెట్టుకొని దిగాలి. గోడ మీద బొమ్మ వేసి మరీ రాసి ఉన్నది. ఆ తాళం అప్పటికి రెండేండ్లుగా పత్తిగింజల గోదాం తలుపుకు వేలాడుతున్నది. గింజలు పోతున్నయని సేటు తీసుకపోయి అక్కడ వేయించిండు.

ఇక రజిత. నా చెల్లె బిడ్డ. ఖానాపూర్ దిక్కు ఊరు, ముప్పై ఒక్క ఏండ్లు, మొగడు మస్కట్‌లో ఉన్నడు. వద్దని చెల్లె అన్నా, నా కండ్ల ముందట ఉంటది గదా అని నేనే ఆ సీజన్‌కు పనిలో పెట్టించిన. పుస్తకంలో ఆమెది పందొమ్మిదో వరుస.

డిసెంబర్ 11న ఇరవై ఏడు వచ్చినప్పుడు నేను పొరపాటు అనుకున్న. మళ్లీ లెక్కపెట్టిన. ఇరవై ఏడు. వెనుక కొన నుంచి ముందుకు లెక్కపెట్టిన. ఇరవై ఏడు. ఎవరో బయటి మనిషి దూరిందని తువ్వాలలు విప్పమన్న. విప్పిన్రు. ఒక్కొక్కరి మొకం చూసుకుంటూ పేరు పిలిచిన. ఇరవై ఆరు పేర్లు, ఇరవై ఆరు మొకాలు. మళ్లీ కట్టుకోమని మెట్టు ఎక్కి చూస్తే ఇరవై ఏడు తలలు.

వరుసలో నా దగ్గరికి నిలబడేది పోశక్క. నా కంటే నాలుగేండ్లు చిన్న, నోరు మాత్రం పెద్ద.

"హాజరవ్వకు అద్దాలు మార్పిచ్చుండ్రే. ఒక్కలు ఇద్దరోలె అవుపడ్తున్నరు."

అందరూ నవ్విన్రు. నేను ఒకటే ఆలోచన చేసిన. లెక్క తక్కువైతే ఎవరో లోపల ఉన్నట్టు. ఎక్కువైతే లోపల ఎవరూ లేనట్టే గదా. చెయ్యి ఎత్తిన. ఆ రోజు తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

12న అదే. పద్నాలుగు నిమిషాలు ఆలస్యం. 13న చాయ్ గ్లాసులు లెక్కపెట్టించిన. ఇరవై ఆరు గ్లాసులు పోసిండు, ఇరవై ఆరు ఖాళీ అయినయి. తలలు ఇరవై ఏడు. పదకొండు నిమిషాలు.

ఆ రోజు మధ్యాహ్నం సేటు నన్ను పిలిచిండు. ఆఫీసులో కూర్చోమనలేదు.

"ఏందవ్వా, రోజూ బండి లేటు చేస్తున్నవట?"

"ఒక మనిషి ఎక్కువ వస్తుంది సేటూ."

"ఎక్కువొస్తె నీకేం నొప్పి? కూలి అడుగుతలేదు గద. ఇంకిద్దరిని తోలుకరమ్మను."

పక్కన ఉన్నవాళ్లు నవ్విన్రు. నేను నవ్వలేదు. ఆయన మొకం కూడా నవ్వుతలేదు.

"రేపటి సంది పదీ ఇరవైకి బెల్టు నడువాలె. నీతోని కాకపోతె చెప్పు, గణపతే లెక్కపెట్టుకుంటడు."

14 శనివారం నేను, దూది పడినా కనబడాలని, ఎర్ర సుద్దముక్క తీసుకపోయిన. గేటు దగ్గరనే ప్రతి ఒక్కరి అంగి వెనుక నంబరు వేసిన, ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా. ఆడవాళ్లకు కోపం వచ్చింది.

"సంతల మేకలకేసినట్టు ఏస్తున్నవు గదనే. ధర గూడ రాయరాదు?" అన్నది పోశక్క.

"నీకెవడు ధర కడ్తడు? తిరుగు" అన్న.

పదీ ఇరవైకి అందరినీ వీపు నా దిక్కు తిప్పి నిలబడమన్న. గణపత్‌ను కూడా నా పక్కన మెట్టు మీద నిలబెట్టి లెక్కపెట్టమన్న. అతనిది చంద్రాపూర్ దిక్కు, అంకెలు మరాఠీలోనే లెక్కపెడతడు. పెదవులు కదుపుకుంటూ పోయిండు. "పంచవీస్, సవ్వీస్..." అని ఆగిండు. నా దిక్కు చూసిండు. తర్వాత చిన్నగ "సత్తావీస్" అన్నడు, ఇరవై ఏడు అని.

ఇరవై ఆరు వీపుల మీద నంబర్లు ఉన్నయి. వెనుక కొనకు, రోలరు పక్కన, ఒక వీపు మీద నంబరు లేదు.

అప్పుడు ఇంకొకటి చూసిన. అది గణపత్‌కు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను ఆ రోజే ఇంటికి తోలేవాళ్లు. ఆ వీపు మీద దూది లేదు. పొద్దున ఎనిమిది నుంచి పనిలో ఉన్న ఆడవాళ్లు అందరూ తెల్లగ ఉన్నరు. ఆ నీలి అంగి మాత్రం ఇప్పుడే పెట్టెలోంచి తీసి తొడిగినట్టు ఉన్నది. మడతల గీతలు కూడా కనబడ్డయి.

మెట్టు దిగి వెనుక కొనకు నడిచిన. అరవై రెండు అడుగులు. ఒక్కొక్క నంబరు చూసుకుంటూ పోయిన. కొనకు పోయేసరికి అక్కడ ఉన్నది ఇరవై నాలుగో నంబరామె. ఆమె పక్కన ఎవరూ లేరు. అటు పక్క గోడ ఉన్నది, తలుపు లేదు.

నేను తిరిగి వచ్చేసరికి గణపత్ మెట్టు దిగిపోయి స్విచ్చుల పెట్టె దగ్గర నిలబడ్డడు. నా కండ్లలోకి చూడలేదు. "ఎత్తు అవ్వా, చెయ్యి ఎత్తు" అన్నడు. ఎత్తిన. ఆ రోజు ఇరవై రెండు నిమిషాలు.

నాలుగు రోజులకు కలిపి యాభై ఆరు నిమిషాలు. ఈ అంకె కూడా సేటుకు చేరింది. పోయిన యాభై ఆరు నిమిషాలు రాబట్టడానికి ఆయన ఒక ఉపాయం చేసిండు. గుంతలో దూది తీసే పని అంతకుముందు సాయంత్రం బెల్టు ఆపినాక చేసేవాళ్లు. ఇక నుంచి చాయ్ టైములో చేయమని గణపత్‌కు చెప్పిండు. చాయ్ టైముల ఎట్లాగూ బెల్టు ఆగే ఉంటది గదా అని. నాకు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం సెలవు. 16 సోమవారం. సుద్దముక్క తేవద్దని సేటు గేటు దగ్గర మనిషితో చెప్పించిండు. చలి బాగా ఉన్నది. పది గంటలకు చాయ్ వచ్చింది. నేను ఆఫీసులో సంతకాలు చేయించుకొని పదీ పద్దెనిమిదికి మెట్టు దగ్గరికి వచ్చిన.

లెక్కపెట్టిన. ఇరవై ఆరు.

నమ్మలేక వెనుక నుంచి ముందుకు లెక్కపెట్టిన. ఇరవై ఆరు. గణపత్ దిక్కు చూసిన. అతను కూడా లెక్కపెట్టిండు, "సవ్వీస్" అని తల ఊపిండు. ఐదు రోజులలో మొదటిసారి నవ్విండు.

"సరిపోయిందా అవ్వా? మేమంత ఉన్నమా, ఎవలన్న ఎగిరిపోయిన్రా?" అని పోశక్క అరిచింది.

"సరిపోయింది" అన్న. చెయ్యి ఎత్తిన. పదీ ఇరవై ఒకటికి బెల్టు నడిచింది.

మెట్టు మీదనే కూర్చొని పుస్తకంలో "సరి" అని రాసిన. రాసి తల ఎత్తిన. బెల్టు నడిస్తే ఆడవాళ్ల చేతులన్నీ పత్తిలోకి పోతయి. అందరూ ముందుకు వంగుతరు. వెనుక కొనకు ఒక ఆమె వంగలేదు. బెల్టుకు వీపు పెట్టి నిలబడ్డది. నీలి అంగి. దూది లేదు.

నా ఒళ్లు చల్లబడ్డది ఆమెను చూసి కాదు. లెక్క చూసి. ఆమెను కలిపితే ఇరవై ఆరు. అంటే మావాళ్లు ఇరవై ఐదు మందే.

బెల్టు ఆపమని అరవాల్సింది. నేను ముందు రజిత కోసం వెతికిన. పొట్టిగ ఉంటది, ఎడమ పక్క ఐదో స్థానం ఆమెది. ఆ జాగాలో ఎవరూ లేరు. అప్పుడు అరిచిన. జిన్నుల మోతలో నా గొంతు నాకే వినబడలేదు. నా చెయ్యి చూసి పోశక్కకు అర్థమైంది. తాడు పట్టి గుంజింది. రెండు చేతులతో వేలాడి గుంజింది. సద్ది గిన్నెలు కింద పడ్డయి, అన్నం పత్తి మీద పడ్డది. బెల్టు నడుస్తనే ఉన్నది. నేను గణపత్ దగ్గరికి ఉరికిన. నా మోకాళ్లతో ఎంత ఉరుకుతానో అంతే ఉరికిన. అతను స్విచ్చు ఆపేసరికి పదీ ఇరవై నాలుగు.

మూడు నిమిషాలు.

రజిత గుంతలో ఉన్నది. సేటు చెప్పినట్టు చాయ్ టైములో గణపత్ దింపింది ఆమెనే, లెక్క సరిపోయేసరికి ఎక్కింది అనుకున్నడు. రోలరుకు చుట్టుకున్న దూది తీస్తుంటే బెల్టు కదిలింది. మొగని అంగి చెయ్యి ముందు పోయింది, దాని వెంట ఆమె చెయ్యి పోయింది. రోలరు ఎత్తనిదే చెయ్యి రాదు. ఎత్తే గొలుసు లేదు. పత్తి బేళ్లు మోసే ఫోర్క్‌లిఫ్టు బండి తెచ్చి, దాని ఇనుప పండ్లు చట్రం కింద పెట్టి గణపత్ పైకి లేపిండు. బండి ఒకసారి జారింది. ఆ జారినప్పుడు రజిత అరిచిన అరుపు నేను రాయను. ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది.

ఆమెను బయటికి తీసినాక నేను నిలబడి లెక్కపెట్టిన. చుట్టూ ఇరవై ఐదు మంది, నేల మీద రజిత. ఇరవై ఆరు. నీలి అంగి ఎక్కడా లేదు.

సాయంత్రం నాలుగు గంటలకు విచారణకు అధికారి వచ్చిండు. అప్పటికి తాడు కొనలకు ఇనుప తీగ లేదు. మూటలు లేవు. స్విచ్చుల పెట్టెకు కొత్త తాళం ఉన్నది, దాని మీద ధర కాగితం కూడా ఊడలేదు. తాడు గుంజితే బెల్టు ఠక్కున ఆగింది. అధికారి ముందట సేటు స్వయంగా గుంజి చూపించిండు.

నేను చెప్పిన. తాడు కట్టేసిన్రని, తాళం గింజల గోదాముకు ఉండేదని. నవంబర్ కాగితం నకలు చూపించిన. ఆయన చదివిండు. చదివి, "ఇది నువ్వే రాసినవా?" అన్నడు. "తాడు గుంజుతుంటే పని ఆగుతున్నదని కంప్లైంట్ ఇచ్చినది నువ్వే గదా మరి?"

తర్వాత కెమెరా వీడియో పెట్టిన్రు. మిల్లు గోడకు కెమెరా ఉన్నది, దూది పట్టి బొమ్మ మసకగ ఉన్నా తలలు తెలుస్తయి. పదీ ఇరవై. నేను మెట్టు మీద ఉన్న. వేలు చూపి లెక్కపెడుతున్న. బెల్టు దగ్గర ఇరవై ఐదు మంది ఉన్నరు. అధికారి ఆపి ఆపి మూడుసార్లు లెక్కపెట్టిండు. నేను ఐదుసార్లు లెక్కపెట్టిన. ఇరవై ఐదు. వెనుక కొనకు ఎవరూ లేరు. నేను చెయ్యి ఎత్తిన.

"గణపత్‌ను అడుగుండ్రి. అతను గూడ ఇరవై ఆరే అన్నడు" అన్న.

గణపత్ నేల చూసిండు. "నాకు లెక్క తెల్వది సార్. అవ్వ చెయ్యి చూసి నొక్కుడే నా పని."

"సత్తావీస్ అన్నది ఎవడురా?" అన్న. అతనికి ముగ్గురు పిల్లలు. నేను అతన్ని తిట్టిన, ఇప్పటికీ తిడుతున్న, కానీ అబద్ధం ఎందుకు ఆడిండో తెలుసు.

శనివారం వీడియో కూడా పెట్టమన్న. సేటు వద్దన్నడు, అధికారి పెట్టమన్నడు. బెల్టు దగ్గర వీపు తిప్పి ఇరవై ఆరు మంది ఉన్నరు. నంబరు లేని వీపు లేదు. నేను మెట్టు దిగి వెనుక కొనకు నడుస్తున్న. సగం దూరం పోయినాక, నడుస్తున్నదాన్ని ఆగిన. ఎడమ పక్కకు ఒక అడుగు జరిగిన. ఎదురుంగ వచ్చే మనిషికి దారి ఇచ్చినట్టు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు ఆగి, మళ్లీ నడిచిన.

నేను అట్ల ఆగినట్టు, జరిగినట్టు నాకు గుర్తు లేదు. ఎవరూ ఎదురు రాలేదు. వీడియోలో కూడా ఎవరూ లేరు. అధికారి, "మోకాలు నొప్పులా అవ్వా?" అని అడిగిండు. కాగితం మీద మాత్రం ఇట్ల రాసుకపోయిండు: హాజరు రాసే మనిషి తప్పుగ లెక్కపెట్టి సైగ ఇచ్చింది. పనిచేసే మనిషి అనుమతి లేకుండ గుంతలో దిగింది.

రజితకు తెలివి వచ్చింది 18 బుధవారం. నేను మంచం పక్కన ఉన్న. మా చెల్లె గోడ దిక్కు తిరిగి కూర్చున్నది, నాతో మాట్లాడుతలేదు.

"పెద్దవ్వా, నువ్వు మెట్టెక్కంగ చూసిన. లెక్కపెడ్తున్నవని ఎక్కుదామనుకున్న. గుంత మూతిల ఒకామె నిలబడ్డది. జర జరుగు అక్కా అన్న. జరగలే. వీపు నా దిక్కే పెట్టుకోని నిలబడ్డది. కాలు పట్టి నూకుదామనుకున్న, అంతల్నే..."

"ఎవలు బిడ్డా?"

"తెల్వది. పోశక్క అనుకున్న. పోశక్క గాదు. మిల్లుల మనిషి తీరు లేకుండె. ఒంటి మీద ఒక్క దూది పోగు లేదు పెద్దవ్వా. మడత ఇప్పిన అంగి."

నొప్పి మందుల మత్తు అన్నడు డాక్టరు. అయుండవచ్చు. ఇరవై ఏడో మనిషి అని మిల్లులో అందరూ ఎగతాళి చేస్తుండె కాబట్టి, ఆమె మనసులో అది పడి ఉండవచ్చు. కానీ దూది సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మడతల సంగతి అసలే చెప్పలేదు.

ఈ ముచ్చట విన్నవాళ్లలో కొందరు, ఆమె ఎవరో మంచి ఆత్మ, జరగబోయేది ముందే తెలపడానికి వచ్చింది అంటరు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. తెలపడానికి వచ్చినదైతే సోమవారం అక్కడ నిలబడకుండ ఉండాలి. ఆమె లేకపోతే లెక్క ఇరవై ఐదు అయ్యేది, నా చెయ్యి లేచేది కాదు. నాలుగు రోజులు ఆమె నాకు తన తల లెక్కపెట్టడం అలవాటు చేసింది. ఐదో రోజు లెక్కలో రజిత జాగా తీసుకున్నది. అది మంచితనం కాదు. అంతకంటే ఎక్కువ నాకు తెలియదు.

ఆమె ఎవరో తెలుసుకోవడానికి నేను చేయవలసినవన్నీ చేసిన. ఆ మిల్లులో అంతకుముందు ఎవరైనా చచ్చిపోయిన్రా అని పాతవాళ్లను అడిగిన. ఎవరూ లేరు. కండ్ల డాక్టరుకు చూపించుకున్న. ఎడమ కంటిలో శుక్లం మొదలైంది, కానీ ఒకరిని ఇద్దరుగ చూపించేంత లేదని రాసిచ్చిండు. మతిమరుపు పరీక్ష కూడా చేయించుకున్న. వంద నుంచి ఏడు ఏడు తీసేసుకుంటూ రమ్మన్నరు. రెండు దాకా ఆగకుండ చెప్పిన. నా లెక్క ఎందుకు తప్పిందో, అసలు తప్పిందో లేదో, ఇప్పటికీ చెప్పలేను.

కానీ తాడు కట్టింది దయ్యం కాదు. తాళం తీసింది దయ్యం కాదు. చాయ్ టైములో గుంతలోకి దింపింది దయ్యం కాదు. కేసులో నేను ఇదే చెప్పిన, మళ్లీ పిలిస్తే మళ్లీ ఇదే చెబుతా. పోశక్క కూడా చెబుతా అన్నది. మిగిలినవాళ్లు అదే బెల్టు దగ్గర పనిచేస్తున్నరు కాబట్టి చెప్పరు.

పోయినవి ఇవి. రజిత కుడి చెయ్యి, మోచేతికి మూడు అంగుళాల పైదాకా. పని మానేసి పోయినవాళ్లు, నేనూ పోశక్కా రజితా కలిపి ఎనిమిది మంది. నా పందొమ్మిది సీజన్ల హాజరు పుస్తకాలు పందొమ్మిది, సేటు దగ్గరనే ఉండిపోయినయి. మా చెల్లెతో మాట, ఆ బుధవారం నుంచి.

మిల్లుకు పోయింది ఒక పూట పని.